నెల రోజులు, అయిదు నవలలు: వాటిలో మనం ఎక్కడున్నాం?



పోయిన నెల మొత్తం ఒకటే పని పెట్టుకున్నా. అడవిలో, కొండమీద, గూడెంలో, తండాలో బతికే మనుషుల మీద వచ్చిన నవలల్లో పేరున్నవి తెచ్చుకుని వరసగా చదవడం. అయిదు అయ్యాయి. నాలుగు తెలుగులో, ఒకటి ఇంగ్లీషులో. రాసినవాళ్లు చిన్నాచితకా రచయితలు కాదు. అందులో ఇద్దరికి జ్ఞానపీఠం కూడా వచ్చింది. అయినా నెల గడిచాక మిగిలింది ఎక్కువగా నిరాశే. ఆ నిరాశ ఎందుకో చెప్పడానికే ఈ పోస్టు. కొంచెం పొడుగు, తీరిక ఉన్నప్పుడు చదవండి.

ముందే ఒక మాట. పుస్తకాలు బాగాలేవని కాదు. బాగాలేని పుస్తకమైతే ఇరవై పేజీలకే పక్కన పడేసి నిద్రపోతాం, దాని గురించి ఇంత రాయం. ఇవి బాగున్నాయి. కొన్ని చోట్ల కళ్లు తడిశాయి. కానీ అయిదింటిలో నాలుగు మూసేసరికి ఒకే అనుమానం వచ్చింది: ఈ పుస్తకాల్లో ఉన్నది మనమేనా, లేక మనల్ని చూసినప్పుడు వచ్చినవాళ్లకు కలిగిన బాధా?

పేపర్లో ఒక మాట మీరు వందసార్లు చూసుంటారు: "అమాయక గిరిజనులు". అప్పు ఇచ్చి భూమి రాయించుకున్నా అమాయక గిరిజనులు, నకిలీ విత్తనాలు అమ్మినా అమాయక గిరిజనులు, ఎన్‌కౌంటర్ అయినా అమాయక గిరిజనులు. అదే మోసం టౌన్లో చిట్‌ఫండ్ కట్టినవాళ్లకు జరిగితే వాళ్లను "అమాయక పట్టణవాసులు" అని ఎవరూ రాయరు. వాళ్లు "బాధితులు" మాత్రమే. మోసపోవడం వాళ్లకు జరిగిన సంఘటన, మనకు మాత్రం పుట్టుక లక్షణం. ఈ నెల చదివిన నవలల్లో ఈ మాట పైకి కనిపించినా కనిపించకపోయినా, అడుగున పునాదిలా ఉంది.

వరసగా చెబుతా.

మొదట చదివింది "వనవాసి". బెంగాలీలో బిభూతిభూషణ్ బంద్యోపాధ్యాయ "ఆరణ్యక్" పేరుతో రాసిన నవల, 1939 లో పుస్తకంగా వచ్చింది. తెలుగు చేసింది సూరంపూడి సీతారాం. తెలుగులో అడవి గురించి మాట్లాడే ప్రతివాళ్లూ ఈ పుస్తకం పేరు చెబుతారు. చెప్పాల్సిందే, అంత అందంగా ఉంటుంది. వెన్నెల పడిన అడవిని అట్లా రాసినవాళ్లు తక్కువ. కథేంటంటే, ఉద్యోగం లేని కలకత్తా కుర్రాడు సత్యచరణ్ బీహార్‌లోని ఒక ఎస్టేటుకు మేనేజరుగా వస్తాడు. పని ఏంటి? వేల బిఘాల అడవిని రైతులకు కౌలుకు పంచడం, అంటే అడవి కొట్టించడం. కొన్నేళ్లు ఉంటాడు, అడవిని ప్రేమిస్తాడు, అదే అడవిని తన చేతులతో పంచేస్తాడు, ఆ తర్వాత పశ్చాత్తాపపడి వెళ్లిపోతాడు. రచయిత కూడా భాగల్‌పూర్ వైపు ఒక ఎస్టేటులో పనిచేసినవాడే కాబట్టి ఊహించి రాసింది కాదు.

ఇందులో సంతాల్ రాజు దోబ్రు పన్నా ఉంటాడు. రాజ్యం పోయింది, పశువులు కాసుకుంటున్నాడు. ఆయన మునిమనవరాలు భానుమతి. సత్యచరణ్ ఆమెను ఒక చోట అడుగుతాడు, భారతవర్షం పేరు విన్నావా అని. ఆమె వినలేదంటుంది. చదివేవాళ్లకు అక్కడ గుండె కలుక్కుమంటుంది, పాపం ఈ పిల్లకు తన దేశం పేరే తెలియదు అని. నాకు మాత్రం అక్కడ ఇంకో ప్రశ్న వచ్చింది. భానుమతికి తెలిసిన పేర్లు అతను ఎన్ని అడిగాడు? ఆ కొండల పేర్లు, వాగుల పేర్లు, ఏ పూర్వీకుడు ఏ రాయి కింద పడుకున్నాడో, ఏ ఇంటిపేరు వాళ్లు ఏ ఇంటిపేరు వాళ్లను చేసుకోకూడదో? ఆ పరీక్ష పెడితే ఫెయిలయ్యేది ఎవరు? నవల ఆ పరీక్ష పెట్టదు. ఎందుకంటే పేపరు సెట్ చేసేది ఎప్పుడూ వచ్చినవాడే.

ఇంకొకటి. సత్యచరణ్ వెళ్లిపోతే నవల అయిపోతుంది. భానుమతి ఆ తర్వాత కూడా బతికే ఉంటుంది కదా? అడవి పోయాక ఏం తిన్నది, ఎవరిని చేసుకుంది, పిల్లలను ఎక్కడికి పంపింది? అసలు కథ అక్కడే మొదలవ్వాలి. మన అవ్వల కథలన్నీ అక్కడ మొదలైనవే.

రెండోది "అమృత సంతానం". ఒడియాలో గోపీనాథ్ మొహంతి రాసింది, 1955 లో కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది. తెలుగు చేసింది పురిపండా అప్పలస్వామి. కోరాపుట్ కొండల్లోని కోందుల కథ. అరకు, పాడేరు, కురుపాం వైపు మనోళ్లకు ఇది పక్కింటి కథే. మొహంతి ప్రభుత్వ అధికారిగా ఆ కొండల్లో పనిచేశాడు, మనుషుల మధ్య తిరిగాడు, భాష పట్టించుకున్నాడు. ఆ తేడా పుస్తకంలో తెలుస్తుంది. ఊరిపెద్ద చనిపోతే కొడుకు దివుడు పెద్దరికం తీసుకుంటాడు. ఇంట్లో పెళ్లాం పుయు, చంటిపిల్లాడు. ఇతని మనసు ఇంకో అమ్మాయి మీదకు పోతుంది. పుయు అవమానం దిగమింగదు, బిడ్డనెత్తుకుని వెళ్లిపోతుంది.

ఈ నాలుగింటిలో నాకు కొంచెం ఊపిరాడింది ఇక్కడే. ఎందుకంటే దివుడు అమాయకుడు కాదు. తెలిసి తప్పు చేసే మగాడు. పుయు కూడా అమాయకురాలు కాదు. లెక్క వేసుకుని గడప దాటిన ఆడది. షావుకారు రాలేదు, ఫారెస్టు గార్డు రాలేదు, వాళ్ల జీవితాన్ని వాళ్లే పాడుచేసుకున్నారు. ఇది వినడానికి వింతగా ఉండొచ్చు కానీ నాకు గౌరవంగా అనిపించింది. అయితే పేజీ పేజీకీ పాట, నాట్యం, పువ్వు, జాతర. కోందు మనిషి అన్నాక సంవత్సరంలో మూడువందల రోజులు ఆడుతూ పాడుతూ ఉంటాడేమో అనిపించేంత. మన ఊళ్లల్లో పండుగ ఎన్ని రోజులో, కలుపు తీసేది ఎన్ని రోజులో మనకు తెలుసు.

మూడోది మహాశ్వేతాదేవి "ఎవరిదీ అడవి", సహవాసి అనువాదం. బెంగాలీ మూలం "అరణ్యేర్ అధికార్", దానికి 1979 లో అకాడమీ అవార్డు. బిర్సా ముండా కథ. 1900 జూన్ 9 న రాంచీ జైల్లో బిర్సా చనిపోయేనాటికి వయసు పాతికేళ్లలోపే. అంటే మనలో పీజీ చేస్తున్నవాళ్ల ఈడు. ఆకలి గురించి, ఉప్పు గురించి, బేత్‌బేగారి గురించి ఆవిడ రాసిన తీరు చదివాక అన్నం ముందు కూర్చుంటే ముద్ద దిగలేదు. ఈ పుస్తకాన్ని తక్కువ చేసే అర్హత నాకు లేదు.

నాలుగోది సాహు, అల్లం రాజయ్య కలిసి రాసిన "కొమురం భీము". 1981 ఏప్రిల్ 20 ఇంద్రవెల్లి కాల్పుల తర్వాత కాలంలో వచ్చిన నవల. జోడేఘాట్‌ను, పన్నెండు ఊళ్ల పోరును, 1940 లో భీము చావును మన తరానికి తెచ్చిచ్చిన పుస్తకాల్లో ముందు వరస. ఇప్పుడు ప్రతి చౌరస్తాలో భీము విగ్రహం ఉంది. ఆ విగ్రహాలకు ముందు ఆ పేరును కాపాడుకున్న పుస్తకం ఇది. ఆ రుణం ఉంది.

ఈ రెండింటి దగ్గర నా నిరాశ వేరే రకం. వీటిలో మనం జాలిపడే బొమ్మలం కాదు, లేచి నిలబడ్డ మనుషులం. కానీ లేచి నిలబడినప్పుడు మాత్రమే మనుషులం. తిరుగుబాటు జరుగుతుంటే నవలలో మనకు చోటు ఉంటుంది, తిరుగుబాటు అణిగిపోతే పుస్తకం మూతబడుతుంది. పోరాటానికి ముందు ఆకలి, పోరాటం, ఆ తర్వాత చావు. ఈ మూడు గదుల్లోనే తిరుగుతున్నాం. పోరాటం లేని మంగళవారం నాడు మనం ఏం చేస్తాం? బావామరదళ్లు వెక్కిరించుకోవడం, అన్నదమ్ములు గట్టు దగ్గర కొట్టుకోవడం, సంతలో కోడిని అమ్మి ఇంటికి తక్కువ డబ్బులు చెప్పడం, అత్త మీద అలిగి పుట్టింటికి పోవడం ఎక్కడున్నాయి? వేరేవాళ్ల నవలల్లో ఇవే సగం పుస్తకం. మనకొచ్చేసరికి ఇవి చిల్లర విషయాలు అయిపోతాయి.

భీము విషయమే తీసుకోండి. సిద్దిక్ చావు తర్వాత ఊరు వదిలి పోయాడు, అస్సాం తేయాకు తోటల్లో పనిచేశాడు, చదవడం రాయడం నేర్చుకున్నాడు, వేరే రాష్ట్రాల మనుషులతో తిరిగాడు, ఆ తర్వాత వచ్చి నిజాం ప్రభుత్వంతో పేచీ పెట్టుకున్నాడు. ఇది అడవి దాటని అమాయకుడి జీవితమా? లోకం చూసి, లెక్క కట్టి, తిరిగొచ్చినవాడి జీవితం. అయినా మన సభల్లో, పాటల్లో భీమును వర్ణించేటప్పుడు అడవిబిడ్డ అనే అంటాం. విగ్రహం చేతిలో తుపాకీ పెట్టారు, పలక ఎవరూ పెట్టలేదు.

ఇప్పుడు భాష గురించి. తెలుగు నవలల్లో, సినిమాల్లో మన మనిషి నోరు తెరిస్తే ఎట్లా మాట్లాడతాడు? ముక్కలు ముక్కలుగా. "దొరా, మేం కొండోళ్లం, మాకేటి తెలుసు దొరా". క్రియ ఉండదు, వాక్యం పూర్తికాదు. కానీ నిజంగా మన ఇళ్లల్లో చూడండి. భద్రాచలం అవతల ఊళ్లో ఒక ముసలాయన ఇంట్లో కోయ మాట్లాడతాడు, సంతలో తెలుగు మాట్లాడతాడు, ఛత్తీస్‌గఢ్ చుట్టాలొస్తే హిందీలో నెట్టుకొస్తాడు. అరకు వైపు ఇంట్లో కువి, సంతలో ఆదివాసీ ఒడియా, ఆఫీసులో తెలుగు. తండాలో గోర్ బోలి, బయట తెలుగు, హైదరాబాద్‌లో కూలికి పోతే ఉర్దూ. మూడు భాషల మనిషిని పట్టుకుని నవల సగం భాష మనిషిని చేసింది. ఎందుకంటే అతని మూడో భాష మాత్రమే రచయిత చెవిన పడింది. మన మొదటి భాషలో మనకు సామెతలు ఉన్నాయి, బూతులున్నాయి, వెటకారం ఉంది, వాదించే పద్ధతి ఉంది. కుల పంచాయితీలో పెద్దమనిషి మాట్లాడుతుంటే లాయర్లు నేర్చుకోవాలి.

"దొరా" అనే మాట మీద కూడా ఒక్క నిమిషం. నవలల్లో అది మనం బయటివాళ్లను పిలిచే మాట. కానీ మన దగ్గర కొండదొర ఉంది, కోయదొర ఉంది, అవి మన జాతుల పేర్లు. 1922 ఆగస్టులో చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల మీద పడిన మన్యం తిరుగుబాటులో అల్లూరి పక్కన నిలిచినవాళ్లు గాం గంటందొర, గాం మల్లుదొర. ఆ మల్లుదొర శిక్ష అనుభవించి బయటికొచ్చి, స్వతంత్రం వచ్చాక 1952 ఎన్నికల్లో విశాఖపట్నం నుంచి లోక్‌సభకు గెలిచాడు. ఆలోచించండి. ముత్తాల కాలంలో పుట్టి, తెల్లోడి మీద విల్లెత్తి, జైలుకు పోయి, ఢిల్లీలో పార్లమెంటులో కూర్చున్న మనిషి. ఆ ఒక్క జీవితంలో ఎంత పెద్ద నవల ఉంది! మనం గుర్తుపెట్టుకున్నది మాత్రం సీతారామరాజు పక్కన ఒక పేరుగా.

కొందరు తమ్ముళ్లు అంటారు, అన్నా, ఇదంతా సాహిత్యం గొడవ, మనకెందుకు, గ్రూప్స్‌కి ప్రిపేర్ అవుదాం, డీఎస్సీ రాద్దాం అని. నవలలు ఉద్యోగం ఇవ్వవు, ఒప్పుకుంటా. కానీ ఈ "అమాయక" అనే మాట పుస్తకంలోనే ఆగదు. ఆఫీసుల్లోకి వస్తుంది. వాళ్లకు తెలియదు కాబట్టి మనమే నిర్ణయిద్దాం అనే ఆలోచన ఈ మాటలోంచే పుడుతుంది. గ్రామసభ పెట్టకుండా పెట్టినట్టు రాసుకోవడానికి, తీర్మానం ముందే టైపు చేసి వేలిముద్రలకు తేవడానికి వెనక ఉన్న ధైర్యం అదే. చేతబడి, క్షుద్రపూజల నవలలు తెలుగులో ఒక కాలంలో విపరీతంగా అమ్ముడుపోయాయి. మంత్రగాడు కావాల్సి వస్తే కథ కొండెక్కేది. అవి చదివి పెరిగినవాళ్లు మన ఊళ్లకు టీచర్లుగా, నర్సులుగా, ఎస్సైలుగా వచ్చారు. చిల్లంగి పేరుతో మన ఊళ్లల్లో హత్యలు జరిగితే మనకది చావు, ఏడుపు, సిగ్గు. వాళ్లకది ముందే చదివిన కథ.

దీనికి ఎదురు నిలిచే నిజం ఒకటి చెబుతా. "అమృత సంతానం"లోని కోందుల బంధువర్గమే డోంగ్రియా కోందులు. నియమగిరి కొండ మీద బాక్సైట్ తవ్వాలని కంపెనీ వస్తే కేసు సుప్రీంకోర్టు దాకా పోయింది. 2013 ఏప్రిల్ 18 న కోర్టు, గ్రామసభలనే అడగండి అంది. ఆ ఏడాది జూలై, ఆగస్టుల్లో పన్నెండు ఊళ్లల్లో గ్రామసభలు జరిగాయి. పన్నెండుకు పన్నెండూ వద్దన్నాయి. జిల్లా జడ్జి ముందు, పోలీసుల మధ్య, ఒక్కో ముసలమ్మ లేచి కారణం చెప్పి మరీ వద్దంది. అంతకుముందు మన దగ్గర అనంతగిరి ప్రాంతం గనుల లీజుల మీద వచ్చిన 1997 సమతా తీర్పు కూడా అంతే. షెడ్యూల్డ్ ప్రాంతంలో ప్రైవేటు కంపెనీలకు గనుల లీజు ఇవ్వడం కుదరదని తేల్చిన ఆ తీర్పు వెనక, మాకు తెలియదు దొరా అన్నవాళ్లు లేరు. మాకు తెలుసు అని కూర్చున్నవాళ్లు ఉన్నారు. అమాయకులైతే పన్నెండు ఊళ్లల్లో కనీసం ఒక్క ఊరైనా మోసపోయేది కదా!

ఇక అయిదో పుస్తకం. దీని వల్లే నెల పూర్తిగా పోలేదు. పేరు "కొచ్చరేత్తి". మలయాళంలో రాసింది నారాయణ్, కేరళ ఇడుక్కి వైపు మలయరయ తెగ మనిషి, పోస్టల్ శాఖలో ఉద్యోగం చేసినవాడు. 1998 లో పుస్తకం వచ్చింది, మరుసటేడు కేరళ సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది. 2011 లో కేథరీన్ తంకమ్మ ఇంగ్లీషు అనువాదం వచ్చింది, నేను చదివింది అదే. ఆదివాసీలను రాక్షసుల్లాగానో బుద్ధిలేనివాళ్లలాగానో చూపించే రాతలు చూసి విసిగిపోయి ఆయన కలం పట్టాడు. 2022 లో చనిపోయాడు.

కుంజిపెణ్ణు, కొచ్చురామన్ అనే జంట కథ. మిరియాలు పండిస్తారు, వ్యాపారి మోసం చేస్తాడు, పన్నులవాళ్లు పీడిస్తారు. అవన్నీ ఉన్నాయి. కానీ ఇంకా ఉన్నాయి. మగవాళ్ల తాగుడు ఉంది. పురిటి గది భయాలు ఉన్నాయి. సొంతోళ్ల మధ్య ఈర్ష్య ఉంది. పూజలు ఉన్నాయి, ఆ పూజలతో రోగం తగ్గకపోవడమూ ఉంది. నాట్యం చాలా తక్కువ. నారాయణ్ మనవాళ్లను దేవుళ్లను చేయలేదు, బొమ్మలను చేయలేదు. ఇంట్లోవాడు కాబట్టి ఇంట్లో మురికి కూడా చెప్పాడు. బయటివాడు ఆ మురికి రాస్తే మనకు కోపం వస్తుంది, వాడు మురికి ఒక్కటే చూసి పోతాడు కాబట్టి. ఇంట్లోవాడు రాస్తే ఊడ్చే చీపురు కూడా కనిపిస్తుంది.

నన్ను ఆపేసింది వాళ్ల కూతురు పార్వతి. ఆ పిల్ల చదువుకుంటుంది. ఉద్యోగం వస్తుంది, పట్నం పోతుంది, తల్లిదండ్రులకు దూరమవుతుంది. చివర్లో కొచ్చురామన్‌కు జబ్బు ముదిరితే పెద్దాసుపత్రికి తీసుకొస్తారు. ఆపరేషన్ అంటే భయపడి ముసలివాళ్లిద్దరూ అక్కడినుంచి వెళ్లిపోతారు. అక్కడితో నవల అయిపోతుంది.

మిగతా నాలుగు నవలల్లో నేను వెతుకుతూ దొరకక ఇబ్బందిపడింది ఎవరి కోసమో అప్పుడు తెలిసింది. పార్వతి కోసం. అంటే మన కోసం. ఆశ్రమ పాఠశాలలో చేరినవాళ్లు, ఏడేళ్లప్పుడు ట్రంకు పెట్టె పట్టుకుని ఏడ్చినవాళ్లు, హాస్టల్ పప్పుచారు మీద జోకులు వేసినవాళ్లు, కుల ధ్రువపత్రం కోసం తిరిగినవాళ్లు, ఊరికి పోయి అవ్వతో సొంత భాషలో మాట్లాడబోతే సగం మాటలు తెలుగులో వచ్చేసినవాళ్లు. వీళ్లు "వనవాసి"లో ఉండరు, అది సరే, అది 1939 పుస్తకం. కానీ ఇప్పుడు మన మీద రాస్తున్న తెలుగు నవలల్లో కూడా తక్కువే. నవల దృష్టిలో ఆదివాసీ అంటే ఇంకా అడవిలోనే, గోచీలోనే, వెన్నెల్లోనే. ఫోనులో రీల్స్ చూస్తూ ఇప్పపువ్వు ఏరే మనిషి వాళ్లకు కంటికి ఆనడు. పోడు పట్టా కోసం ఫైలు పట్టుకుని తిరిగే మనిషిలో వాళ్లకు కవిత్వం కనిపించదు.

ఇక్కడ ఒక న్యాయమైన ప్రశ్న ఉంది. బయటివాళ్లు రాయకపోతే అసలు ఎవరు రాసేవాళ్లు? మహాశ్వేతాదేవి లేకపోతే బిర్సా మనకు ఇంత దగ్గరయ్యేవాడా? సాహు, రాజయ్య లేకపోతే? నిజమే. అందుకే మనవాళ్లే రాయాలి, వేరేవాళ్లు ముట్టుకోకూడదు అనే మాట నేను అనను. మొహంతి అధికారే, అయినా పుయు లాంటి మనిషిని రాశాడు. రాయడానికి కులం అడ్డం కాదు, కానీ చూసే చోటు అడ్డమే. రోడ్డు మీదినుంచి ఊరిని చూసేవాడికి ముందు ఇళ్ల ముఖాలు కనిపిస్తాయి. ఇంట్లోంచి చూసేవాడికి ముందు రోడ్డు మీదొచ్చే మనిషి కనిపిస్తాడు. మన సాహిత్యంలో మొదటి రకం చూపు బోలెడుంది. రెండో రకం కావాలి. భానుమతి కళ్లతో చూస్తే సత్యచరణ్ ఎట్లా ఉండేవాడో ఒక్కసారి ఊహించుకోండి. గుర్రం మీదొచ్చి, మంచిగా మాట్లాడి, పువ్వులు చూసి మురిసి, సాయంత్రం కచ్చేరీలో కూర్చుని మన అడవిని కాగితాల మీద పంచేసిన బాబు. ఆ నవల చాలా నవ్వొచ్చే నవల అయ్యుండేది, చాలా భయంకరమైనది కూడా.

తెలుగులో ఈ రెండో చూపు మొదలుకాలేదని కాదు. రమేశ్ కార్తీక్ నాయక్ "ఢావ్లో" కథలకు 2024 లో సాహిత్య అకాడమీ యువ పురస్కారం వచ్చింది. తండా కథలు, తండా పిల్లాడే రాశాడు. అంతకుముందు సూర్యా ధనంజయ్ గారితో కలిసి "కేసులా" పేరుతో బంజారా కథలు తెచ్చాడు. ఉత్తరాంధ్ర కొండల నుంచి మల్లిపురం జగదీశ్ "శిలకోల" కథలున్నాయి. చరిత్రలో భంగ్యా భూక్యా గారు గోండుల మీద, లంబాడాల మీద పుస్తకాలు రాశారు. కథ వచ్చింది, కవిత వచ్చింది, చరిత్ర వచ్చింది. వాటితో పోలిస్తే నవల మాత్రం వెనకబడి ఉంది.

ఎందుకు? తెలివి లేక కాదు. నవలకు కాలం కావాలి. కవిత బస్సులో రాయొచ్చు, కథ సెలవుల్లో రాయొచ్చు, నవల రాయాలంటే రెండేళ్లు ఒక చోట కూర్చోవాలి. మనలో చదువుకున్న మొదటి తరం మీద ఇల్లు కట్టాలి, చెల్లి పెళ్లి చేయాలి, తమ్ముడి ఫీజు కట్టాలి అనే బరువులున్నాయి. రెండోది భాష. మన కథ జరిగేది కోయలో, గోండిలో, కువిలో, సవరలో, గోర్ బోలిలో. రాసేది తెలుగులో. మధ్యలో సగం రక్తం కారిపోతుంది. సంతాలీని చూడండి. రఘునాథ్ ముర్ము 1925 ప్రాంతంలో ఓల్ చికి లిపి తయారుచేశాడు, 2003 లో రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూల్‌లో చోటు వచ్చింది, ఇప్పుడు ఆ భాషలో రాసినవాళ్లకు ఏటా అకాడమీ అవార్డు ఉంది. మన గోండికి గుంజాల లిపి ఉంది, 2018 లో యూనికోడ్‌లోకి కూడా ఎక్కింది. కానీ ఎనిమిదో షెడ్యూల్‌లో గోండి లేదు, కోయ లేదు, గోర్ బోలి లేదు. రాసినా అచ్చువేసేవాళ్లు తక్కువ, చదివేవాళ్లను మనమే తయారుచేసుకోవాలి.

ఇవన్నీ నిజమైన అడ్డంకులే. అయినా ఒకటి మన చేతిలో ఉంది. మనం కూడా మన గురించి రాసేటప్పుడు ఆ అరువు భాషే వాడుతున్నాం. ఆగస్టు 9 వచ్చిందంటే స్టేటస్‌లు చూడండి. అడవితల్లి బిడ్డలం, కల్లాకపటం తెలియని మనుషులం, స్వచ్ఛమైన మనసులు. ఎవరు చెప్పారు మనకు కల్లాకపటం తెలియదని? మా ఊళ్లో పేకాటకు కూర్చుంటే తెలుస్తుంది. ఈ మాటలు మనల్ని పొగిడినట్టు ఉంటాయి, కానీ మన చేతిలోంచి బుద్ధిని లాక్కుంటాయి. కపటం తెలియనివాడికి ఒప్పందం కాగితం ఎందుకు చూపించాలి? తప్పు చేయడం చేతకానివాడికి నిర్ణయం ఎందుకు అప్పగించాలి?

నవల రాయమని అందరినీ అడగట్లేదు. ఒక్కో పేజీ రాయండి. జాతర గురించి కాదు, మామూలు రోజు గురించి. హాస్టల్లో మొదటి రాత్రి, సంతలో బేరం, అవ్వ ఎవరినో తిట్టిన తిట్టు, నాన్న ఎవరినో మోసం చేసిన సంగతి, అమ్మ ఎవరికీ చెప్పకుండా దాచిన డబ్బు. మీ భాషలో మాట వస్తే మీ భాషలోనే తెలుగు లిపిలో రాయండి. పక్కన అర్థం ఇవ్వకపోయినా పర్లేదు, తెలియనివాళ్లు అడిగి తెలుసుకుంటారు. రేపు మనలో ఒకరు నవలకు కూర్చుంటే ఆ పేజీలే విత్తనాలు. అవ్వలు, తాతలు ఉన్నప్పుడే అడిగి రాసుకోండి. వాళ్లు పోయాక సత్యచరణ్ రాసిందే మనకు దిక్కవుతుంది.

వచ్చే నెల మళ్లీ చదువుతా. "ఢావ్లో", "శిలకోల"తో మొదలుపెడతా. నవలల్లో ఏం చదవాలో మీరు చెప్పండి. ఏ భాషదైనా ఫర్వాలేదు, ఎవరు రాసినా ఫర్వాలేదు. ఒక్కటే షరతు. అందులో మన మనిషి ఒకడైనా, ఒకతైనా, ఎవరూ మోసం చేయకుండా, ఎవరూ రెచ్చగొట్టకుండా, తన సొంత బుద్ధితో ఒక పెద్ద తప్పు చేసి, దాన్ని తనే దిద్దుకోవాలి. అట్లాంటి నవల పేరు తెలిస్తే కింద రాయండి.